ఫోటో మనది, ప్రమాదం ఎవరిది?

 



సెలవు దొరికితే మనం కూడా ఇప్పుడు బండి తీస్తున్నాం. మదనపల్లె నుంచి హార్సిలీ హిల్స్‌కు పోతాం. పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం దాకా పోయి వస్తాం. దారిలో కోతి కనబడినా, పొట్టి ఆవు కనబడినా, ఏనుగు కనబడినా ఒక ఫోటో కావాలనిపిస్తుంది. అందులో తప్పు లేదు. ప్రాణిని చూసి మనసు సంతోషపడటం మంచిదే. అయితే ఆ ఫోటో కోసం ఎంత దగ్గరికి పోతున్నాం, దానివల్ల ఎవరికి కీడు అన్నది పంచశీల తీసుకున్నవాళ్లు అడుక్కోవాల్సిన ప్రశ్న.

పలమనేరు, కుప్పం ప్రాంతంలోని కౌండిన్య అభయారణ్యం సంగతే చూడండి. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చి నిలిచాయి. 1990లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అడవి అంచునే మన వాళ్ల చేలు, మామిడి తోటలు. చీకటి పడితే ఏనుగులు పంట మీదికి వస్తాయి. పంట కాపాడుకోబోయి మనుషులు చనిపోయారు. కరెంటు తీగలు తగిలి ఏనుగులూ చనిపోయాయి.

ఇలాంటి చోట రోడ్డు పక్కన ఏనుగు కనబడితే ఏం జరుగుతుంది? బండ్లు ఆగుతాయి. కేకలు, ఈలలు, హారన్లు. అది ఇటు తిరగాలని ఒకడు రాయి విసురుతాడు. వీడియో అయిపోగానే అందరూ బండెక్కి పోతారు. బెదిరిన ఏనుగు మాత్రం అక్కడే ఉంటుంది. ఆ రాత్రి దానికి ఎదురుపడేది ఎవరు? కావలికి పోయిన చిన్న రైతు, పొద్దున్నే పనికి నడిచిపోయే కూలి తల్లి. ఫోటో మనది, ప్రమాదం వాళ్లది.

రాజగృహంలో ఇలాంటిదే జరిగింది. దేవదత్తుడి మాట విని మావటివాళ్లు నాలాగిరి అనే ఏనుగును బుద్ధుడు నడిచి వచ్చే వీధిలోకి వదిలారు. జనం మిద్దెలెక్కి ఏమవుతుందోనని చూస్తూ నిలబడ్డారు. ఉసిగొల్పినవాడు క్షేమంగా ఉన్నాడు, చూసేవాళ్లూ క్షేమంగా ఉన్నారు. ప్రమాదం వీధిలో ఉన్నవాళ్లకే. బుద్ధుడు మైత్రితో ఆ ఏనుగును శాంతింపజేశాడు. ఈ కథ విని మనం ఏనుగుకు ఎదురుపోకూడదు. మనం బుద్ధులం కాదు. కనీసం మిద్దె మీద నిలబడి తమాషా చూసే గుంపులో కలవకుండా ఉండగలం.

ఇక్కడ కొందరు ఒక మాట అడుగుతారు: "పశువులు తాగే నీళ్లు మనల్ని తాగనివ్వని దేశం ఇది. ఆ నీళ్ల కోసమే బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహాడ్ చెరువుకు నడిచాడు. అట్లాంటి మనకు జంతువుల మీద దయ గురించి చెబుతారా?" న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ అన్యాయం చేసింది మనిషి, పశువు కాదు. మనం పశువును పూజించమనడం లేదు, మనిషికన్నా పైన పెట్టమనడమూ లేదు. కరుణ మనుషుల పట్ల చూపేదైతే, మైత్రి అంతకన్నా విశాలమై సకల ప్రాణులనూ కలుపుకుంటుందని బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో చెప్పాడు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లోనూ ప్రాణులన్నిటి పట్ల దయ ఉంది.

అదే గ్రంథంలో ఆయన మరో తేడా చూపాడు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు. ఆ కొలత ఇక్కడ పెట్టి చూడండి. రైతు డప్పు కొట్టి ఏనుగును తోలడం అవసరం. మనం ఫోటో కోసం దాన్ని కదిలించడం కోరిక. రెండూ ఒకటి కాదు.

పుంగనూరు ఆవు సంగతీ అంతే. బాగా పొట్టిగా ఉండే ఈ జాతి ఒకప్పుడు అంతరించిపోయే స్థితికి వచ్చింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రం దాన్ని కాపాడుతూ వచ్చింది. చిన్నగా ఉంది కదా అని దూడను చంకనెత్తుకుని ఫోటోలు దిగుతున్నారు. తల్లి ఎంత కంగారు పడుతుందో ఆలోచించండి. సాకేవాళ్లను అడగండి. సరేనంటే పక్కన నిలబడి తీసుకోండి.

ఆచరణకు కొన్ని మాటలు:

కోతికి బిస్కెట్ చూపించి దగ్గరికి పిలవకండి. తిండికి మరిగిన కోతి రేపు ఇంకొకరి బిడ్డ చేతిలోది లాక్కుంటుంది.

ఏనుగు కనబడితే దిగకండి, హారన్ కొట్టకండి, ఫ్లాష్ వేయకండి. అది చెవులు చాచి మీకేసి తిరిగితే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చినట్టే. పరుగులో మనిషి దాన్ని గెలవలేడు. బండి వెనక్కి తీసి, అటవీ సిబ్బందికీ దగ్గరి ఊరివాళ్లకూ కబురు చెప్పండి.

అనుమతి లేకుండా అభయారణ్యంలోకి పోవడం, అక్కడ జంతువును వేధించడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టం విలువ మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

మొదటి శీలం కత్తి పట్టిన చేతికి మాత్రమే కాదు, ఫోన్ పట్టిన చేతికి కూడా. ఈసారి బండి ఆపినప్పుడు మీ పిల్లలు మిమ్మల్నే చూస్తుంటారు. ఎంత దూరంలో ఆగాలో వాళ్లు మీ దగ్గరే నేర్చుకుంటారు.

సాధు! సాధు! సాధు!