గోడ మీద గీత

సికింద్రాబాద్‌లో పికెట్ నాలాకి రెండు సందుల ఇవతల మా నాన్న కట్టిన ఇల్లుంది. పైన మేముంటాం, కింద అద్దెకిస్తాం. మొన్న ఏప్రిల్లో కింది వాటా చూడ్డానికి ఒకామె వచ్చింది. నల్లా తిప్పి చూసింది, బోరుందా అని అడిగింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అక్కా, వానలకు నీళ్లు లోపలికొస్తయా?" అంది.

"ఎప్పుడో, మరీ పెద్ద వానొస్తే," అన్నాను.

2020 అక్టోబర్ 13 రాత్రి ఆ గదిలో నీళ్లు మంచం పట్టె దాకా వచ్చాయి. పెద్ద వానే అది. కాబట్టి నేను చెప్పింది అబద్ధమని ఎవరూ అనలేరు. కానీ సరిగ్గా ఆ వారమే నేనొక కాలేజీకి వెళ్లి, వాతావరణ మార్పు గురించి పిల్లలకి గంటసేపు మ్యాపులు చూపించి వచ్చాను. భూగోళమంతా ఎర్రబడ్డ మ్యాపుకి ఎవరూ కదల్లేదు. హైదరాబాద్ వరద మ్యాపు తెర మీదికి రాగానే అందరూ ముందుకి వంగారు, ఎవరి ఇల్లు వాళ్లు వెతుక్కోడానికి. ప్రజలకి చెప్పాలంటే ఇలాగే, ఇంటి దాకా తీసుకొచ్చి చెప్పాలి అని అక్కడ గట్టిగా అన్నది నేనే. ఆ మ్యాపులో మా సందు నీలం రంగులో ఉంది.

మ్యాపుల మీద నాకు అనుమానాలు లేకపోలేదు. గీత గీయకుండా మ్యాపు లేదు, నీళ్లకేమో గీత లేదు. 2024లో హైడ్రా కూల్చివేతలు మొదలయ్యాక నాకు తెలిసినవాళ్లంతా చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు తెరిచి కూర్చున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: మనం గీతకి అటా, ఇటా? చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో ఆ హద్దే ఎఫ్‌టీఎల్. చెరువుతో పనిలేకుండా వీధిలోనే కురిసి, నాలా పట్టక ఇంట్లోకొచ్చే వాన సంగతి అది చెప్పదు. ఇటున్నామని తేలినవాళ్లు మాత్రం హాయిగా నిద్రపోయారు. వాతావరణ శాఖ రంగులది ఇంకో తంటా. హైదరాబాద్ జిల్లాకి ఆరెంజ్ అంటే తిరుమలగిరిలో ఎత్తున ఉన్నవాళ్లకీ ఆరెంజే, మాకూ ఆరెంజే.

మా ఇంట్లో వీటన్నిటికంటే కచ్చితమైన మ్యాపు ఒకటుండేది. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్కరోజే 24 సెంటీమీటర్లు కురిసినప్పుడు, నీళ్లు తగ్గాక నాన్న గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశాడు. అద్దెకున్నవాళ్లు మారినప్పుడల్లా రంగు వేయిస్తాం కదా, అది పోయింది. 2020 మరక మీద నేనే దగ్గరుండి పుట్టీ పెట్టించాను.

సరే, ఆమెకి మ్యాపు చూపిస్తే సరిపోతుందా? డబ్బున్నవాళ్లు చూసి వేరే ఇల్లు వెతుక్కుంటారు. అద్దె తగ్గుతుంది. చివరికి వచ్చేది ఎక్కడికీ పోలేనివాళ్లే. అప్పుడు "ముందే చెప్పాను కదా" అనే మాట నాకు మిగుల్తుంది, నీళ్లు వాళ్లకి మిగుల్తాయి. నిజం చెప్పి కూడా చేతులు కడుక్కోవచ్చని కాలేజీలో నేను చెప్పలేదు. అప్పటికి నాకే తట్టలేదు.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. 1908 మూసీ వరదలో 150 మందికి పైగా దాన్నెక్కి బతికారని చెప్తారు. మన వరద మ్యాపులు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపిస్తాయి. ఎక్కడికి ఎక్కాలో చూపించే మ్యాపు నేనింకా చూడలేదు.

రెండ్రోజులాగి ఆమెకి ఫోన్ చేశాను. కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. ఫోన్లో ఆ నీలం మ్యాపు తీసి చూపిస్తే ఒక్క క్షణం చూసి, "గిది కాదక్కా, ఎంత దాకా వచ్చినయో చెప్పు" అంది. గోడ మీద చెయ్యి పెట్టి చూపించాను. ముందు తన మోకాలితో కొలుచుకుంది, తర్వాత పిల్లాణ్ణి గోడకి ఆనించి నిలబెట్టింది. నడుము దాటింది. నెలకి 1,500 తగ్గించమంది. తగ్గించాను.

"రాత్రి పూటొస్తే మీ తలుపు కొడ్త. తీస్తరు కదా?"

మెట్ల దగ్గరి గ్రిల్ తాళంచెవి ఇప్పుడు ఆమె గుత్తిలో కూడా ఒకటుంది.