గురువు బాణీలో తొలి పాట

1961 జనవరి. గడ్డకట్టే చలిలో పంతొమ్మిదేళ్ల గాయకుడు బాబ్ డిలన్ గిటార్ పట్టుకుని న్యూయార్క్ చేరాడు. మనసంతా ఉడీ గత్రీ మీదే. వలస కూలీల కష్టాన్ని పాటగా కట్టిన గత్రీ అప్పటికి నరాల జబ్బుతో న్యూజెర్సీ ఆసుపత్రిలో ఉన్నాడు. ఈ కుర్రాడు వెళ్లి, ఆయన పాటలే ఆయనకు పాడి వినిపించేవాడు.

మరుసటేడు వచ్చిన తొలి ఆల్బమ్‌లో 13 పాటలుంటే, డిలన్ సొంతంగా రాసినవి రెండే. అందులో ఒకటి గత్రీకి నివాళి. అదీ గత్రీ పాట బాణీలోనే! మన పల్లెల్లోనూ పాత బాణీకి కొత్త మాట కట్టడం ఉన్నదే. అది దొంగతనమని నాకెన్నడూ తోచలేదు. పెద్దల చెయ్యి పట్టుకుని నడవడమది.

మీ ఇంట్లో పాడే పెద్దవాళ్లుంటే, ఈ రోజు ఒక్క పాట అడిగి పాడించుకోండి.