పగడానికి పగలెప్పుడు

హైదరాబాద్ పాతబస్తీలోని చార్‌కమాన్ నగల దుకాణాల్లో ముత్యాల పక్కన పగడాలూ ఉంటాయి. కుజదోషం పోవాలంటే ఉంగరంలో పొదిగించుకోమని జ్యోతిష్యులు చెప్పే రాయి అది. నిజానికి రాయి కాదు, ఒకప్పటి ప్రాణి కట్టుకున్న గూడు. వీటిలో పేరున్న మధ్యధరా సముద్రపు ఎర్ర పగడం ఎండ సరిగా సోకని గుహల్లో, లోతుల్లో పెరుగుతుంది. ఏడాదికి మిల్లీమీటరు కూడా లావెక్కదు. నీళ్లు ముందుగా మింగేసేది ఎరుపునే కాబట్టి, అంత లోతున ఆ కొమ్మ నల్లగా కనిపిస్తుంది. పైకి తెచ్చి దీపం చూపిస్తేనే ఎరుపు. మరి ఆ ఎరుపు పగడానిదా, దీపానిదా, కొనేవాళ్ల కంటిదా?

పత్తర్‌గట్టిలో పట్టుచీర బేరమాడే ఆడవాళ్లు దుకాణంలోని లైట్లను నమ్మరు. చీరను గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో మడత విప్పి చూస్తారు. అసలు రంగు తేల్చేది ఎండేనని మన నమ్మకం. పగడాన్ని ఏ గుమ్మంలోకి తెచ్చి చూడాలి? పది మీటర్ల లోతుకే ఎరుపు దాదాపు మిగలదు, నీలం మాత్రం ఇంకా కిందికి దిగుతుంది. మన ఎండ దానికి అసలు వెలుతురేమీ కాదు.

లాల్‌దర్వాజా దగ్గర మా మిత్రుడి ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉంది. పెంచేది మెత్తటి పగడాలనే. మన సముద్రాల్లోని రాతి పగడాలను తీసి అమ్మడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అది ఉండాల్సిన చట్టమేనని నా గట్టి అభిప్రాయం. ఆ తొట్టి పైనున్న ఎల్ఈడీ రంగులను ఫోన్లోనే మార్చుకోవచ్చు. 420 నానోమీటర్ల ఊదా, 450 దగ్గర ముదురు నీలం, 470 దగ్గర లేత నీలం, తెలుపు, కాస్త ఎరుపు, కాస్త ఆకుపచ్చ. తెలుపు పెంచితే పగడాలు గోధుమరంగుకు తిరిగి మామూలుగా కనిపిస్తాయి. తెలుపు తగ్గించి నీలం పెంచితే ఒక్కసారిగా పచ్చగా, నారింజగా వెలుగులు చిమ్ముతాయి. ఆ క్షణాన గదిలో ఎవరున్నా మాట ఆపి అటు చూడాల్సిందే.

గుహల్లోని ఎర్ర పగడంలా కాదు, ఈ తొట్టిలోని పగడానికి వెలుతురంటే అన్నం. దాని ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచు వెలుతురుతో వంట చేసి, పగడానికి కావలసిన తిండిలో ఎక్కువ భాగం పెడుతుంది. ఆ నాచుకు బాగా పనికొచ్చేది నీలమే. అంటే పగడం ఆకలి, మన కంటి ఆశ చాలా దూరం ఒకే దారిలో నడుస్తాయి. దారులు ఎక్కడ చీలతాయన్నదే నన్ను తొలిచే ప్రశ్న. కొత్త దీపాన్ని మొదటి రోజే పూర్తిగా వెలిగిస్తే నాచును బయటికి వెళ్లగొట్టి పగడం తెల్లబోతుంది. తక్కువతో మొదలుపెట్టి వారాల మీద పెంచుకుంటూ పోవాలి. అందం తొందరపెడుతుంది, ప్రాణం ఆగమంటుంది.

అలాగని కంటి ఆశను తప్పుపట్టలేను. 1999లో మాస్కో పరిశోధకులు అక్వేరియంలో పెంచే డిస్కోసోమా అనే పగడపు బంధువులో ఎర్రగా మెరిసే ప్రోటీన్‌ను పట్టుకున్నారు. జీవకణం లోపల ఏం జరుగుతోందో చూడటానికి ఇవాళ ప్రయోగశాలలు ఆ మెరుపునూ వాడుకుంటున్నాయి. ముచ్చటపడి చూసే చూపు లేకపోతే ఆ జ్ఞానం ఎక్కడిది? ఆ మెరుపు పగడానికి ఎందుకన్న వాదన మాత్రం ఇంకా తెగలేదు. ఎండ నుంచి కాపాడుకోవడానికని కొందరు, ఎరను రప్పించుకోవడానికని కొందరు.

మిత్రుడు ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. అందుకని తొట్టిలో తెల్లవారడం మధ్యాహ్నానికి జరిపాడు, చుట్టాలొస్తే అర్ధరాత్రి దాకా లైటు ఉంచుతాడు. ఒకరోజు వాళ్లమ్మ అడిగింది: "రాత్రంతా గా నీలం లైటేందిరా, వాటికి నిద్రొద్దా?" నేను విన్నవాటిలో ఇంతకంటే సూటి ప్రశ్న లేదు. చాలా పగడాలు చీకటిపడ్డాకే పూర్తిగా టెంటకిళ్లు చాచి నీళ్లలోని ఎరను పట్టుకుంటాయి. చీకటి వాటికి రెండో భోజనం వేళ.

బహదూర్‌పురాలో 1963 నుంచి ఉన్న నెహ్రూ జూపార్కులో నిశాచర జంతువుల ఇల్లు ఉంది. సందర్శకులు వచ్చేది పగలు కాబట్టి అక్కడ పగలే చీకటి చేస్తారు. ఆ జంతువులకు రాత్రి దక్కకుండా పోదు, వేళ మాత్రం మారుతుంది. తొట్టిలో పగటిని మధ్యాహ్నానికి జరపడం కూడా అలాంటిదే, దాన్ని నేను ఒప్పుకుంటాను. చుట్టాల కోసం పగటిని సాగదీయడం మాత్రం పగడం చీకటిని లాక్కోవడం. పగటిని ఏ వేళకు మార్చినా దాని కొలత పగడానిదిగానే ఉండాలి.

ఆ కొలతలో చంద్రుడు కూడా ఉన్నాడు. పాతబస్తీకి నెలవంక లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు, రంజాన్ మొదలయ్యేదీ ముగిసేదీ దాన్ని చూశాకే. సముద్రంలో ఎన్నో రకాల పగడాలు పున్నమి తర్వాతి కొన్ని రాత్రుల్లో ఒక్కసారిగా బీజాలు వదులుతాయి. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియం వాళ్లు తొట్టిలో రుతువుల ఎండను, నీటి వేడిని, వెన్నెల పెరుగుదలను, తరుగుదలను దీపాలతో అనుకరించి, సముద్రం మొహం చూడని నీళ్లలో పగడాలు బీజాలు వదిలేలా చేశారు. వాళ్లు పగడం అవసరం తెలుసుకున్నారు. ఇష్టం తెలుసుకున్నారా? కళ్లు లేని, మాట లేని ప్రాణి విషయంలో ఆ రెండింటినీ విడదీసి అడగడానికి మన దగ్గర ఏ దారి ఉంది?