మందు పెట్టిందనే మాట

చిరంజీవి అమ్మలుకు,

మొన్న ఫోనులో మీ ఆఫీసు కబుర్లు చెబుతూ, కొత్తగా మేనేజరైన ఆవిడ గురించి "పెద్దసారుకి ఏం మందు పెట్టిందో" అన్నావు. నవ్వుతూనే అన్నావు. ఆ మాట నా మనసులోనే ఉండిపోయింది.

ఆ నింద రాణులనే వదల్లేదమ్మా. ఇంగ్లండు రాజు నాలుగో హెన్రీ భార్య నవార్ జోన్. 1413లో భర్త పోయాడు. ఏటా 10,000 మార్కుల భరణం ఆమె హక్కు. సవతి కొడుకు ఐదో హెన్రీకి ఫ్రాన్సు మీద యుద్ధం, దానికి డబ్బు కావాలి. 1419లో జాన్ రాండాల్ఫ్ అనే సన్యాసి మాట పట్టుకుని, రాజును చేతబడితో చంపించాలని చూసిందని ఆమె మీద నేరం మోపారు. ఆస్తి లాక్కున్నారు, కోటల్లో నిర్బంధించారు. విచారణ మాత్రం ఏనాడూ జరపలేదు.

లీడ్స్ కోటలో ఆమెకు నౌకర్లున్నారు, మంచి బట్టలున్నాయి. రాజు సొంత తమ్ముడే అతిథిగా వచ్చి వెళ్ళాడు. చేతబడి చేసిందని నిజంగా నమ్మితే ఆ గడప తొక్కుతారా? 1422 జూలైలో, భరణం ఆపి ఉంచడం తన మనస్సాక్షికి బరువవుతుందంటూ రాజే దాన్ని తిరిగి ఇచ్చేయమన్నాడు. ఆగస్టు ఆఖరున కన్నుమూశాడు.

1441లో గ్లాస్టర్ డ్యూక్ భార్య ఎలనార్ కాబం మీద అదే చేతబడి నింద పడింది. పిల్లలు పుట్టడానికి మార్జరీ జోర్డమేన్ అనే ఆమె దగ్గర మందు తీసుకున్నానని చెప్పింది. డచెస్‌ని కొవ్వొత్తి పట్టించి లండన్ వీధుల్లో నడిపించారు, బతికినన్నాళ్ళూ బందీగా ఉంచారు. మార్జరీని స్మిత్‌ఫీల్డ్‌లో సజీవంగా కాల్చేశారు. నింద గొప్పింటి మీద పడినా, నిప్పంటుకున్నది సామాన్యురాలికే.

మన పల్లెల్లో చేతబడి, బాణామతి పేరు చెప్పి మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు నువ్వూ చదివావు. వాటి వెనకా ఎన్నోసార్లు పొలం తగాదాలే ఉంటాయి. ఆ మాట ముందుగా ఎవరో ఒకరు నవ్వుతూనే అని ఉంటారు.

అందుకే చెబుతున్నాను. ఎదిగిన ఆడదాని మీద నింద వినబడినప్పుడు, దానివల్ల ఎవరికి లాభమో ముందు ఆలోచించు. రేపు ఆఫీసులో ఎవరైనా ఆ మాటంటే నవ్వకు. ఆవిడ దగ్గరికి వెళ్ళి పని నేర్చుకో.

నీ అమ్మమ్మ