తిథి తెలియని వారికి

మా తాతలది సిక్కోలు తీరం. జంగ్లీఘాట్‌లో వలల మధ్య పెరిగిన నాకు ఈ అండమాన్ దీవుల్లో పితరులు ఎక్కువమంది లేరు. అయినా మహాలయ అమావాస్యనాడు నువ్వులూ నీళ్లూ వదిలేటప్పుడు మావాళ్ల పేర్లు అయిపోయాక కూడా చెయ్యి ఆగదు.

1942 మార్చి 23న జపాన్ సైన్యం పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది. మూడున్నరేళ్లు ఉంది. హంఫ్రీగంజ్‌లో 1944 జనవరి 30న గూఢచారులంటూ 44 మందిని కాల్చేశారు. ఆయుధంతో పోయినవారికి మహాలయపక్షంలో చతుర్దశి ఉంది, సరే. అంతకు పక్షం రోజుల ముందే సెల్యులార్ జైల్లో చిత్రహింసలతో పోయిన డాక్టర్ దివాన్ సింగ్ సిక్కు. ఆయన పేరున గురుద్వారా ఉంది, నా నువ్వులతో ఆయనకు పనిలేదు.

తెగనిది హవ్‌లాక్ వాళ్ల సంగతి. 1945 నాటికి సరుకు ఓడలు రాక ఊళ్లో తిండి నిండుకుంది. ఆ ఆగస్టులో, అక్కడ సాగు చేసుకుందురుగాని రండని వందలమందిని ఓడ ఎక్కించి, హవ్‌లాక్ దగ్గర సముద్రంలోకి తోసేశారు. శవం లేదు, తిథి లేదు. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రమని చెప్పమంటారు మా పంతులుగారు. అమావాస్య ఉన్నదే ఇలాంటివారి కోసం కదా!

అసలు చిక్కు వేరే ఉంది. జపాన్‌వాళ్లు గూఢచారులెవరని కొడుతుంటే, దెబ్బలకు ఓర్వలేక తోటివాళ్ల పేర్లు చెప్పినవారి మాటేమిటి? యుద్ధం అయ్యాక తిరిగొచ్చిన బ్రిటిష్‌వాళ్లు ఇక్కడి ఖైదీల వలసను ఎత్తేశారు. సొంతూరు పోతామన్నవాళ్లను పొమ్మన్నారు. చాలామంది ఇక్కడే ఉండిపోయారు. అంటే, పేరు చెప్పినవాడి పిల్లలూ ఆ పేరుగలవాడి పిల్లలూ అబెర్డీన్ బజారులో ఒకే కొట్లో బియ్యం కొనుక్కోవాలి. ఊరు మళ్లీ నిలబడటమంటే ముందు అదే. ఇళ్లు కట్టుకోవడం దానికన్నా తేలిక.

స్త్రీపర్వంలో ధర్మరాజు తనవాళ్లకే కాదు, కౌరవులకూ, ఎవరూ లేని శవాలకూ దహనం చేయించాడు. ఎవరు ఏ పక్షమని అడగలేదు. అందుకే పేరు చెప్పినవాడికీ ఓ దోసెడు నీళ్లు వదులుతాను. గోళ్ల కింద సూదులు గుచ్చితే నేనెన్ని పేర్లు చెప్పేవాణ్ణో! హింసించినవాడి పాపాన్ని హింస పడ్డవాడి పద్దులో రాయడం అధర్మం.

ఆ సూది పట్టుకున్నవాడికి మాత్రం నా దగ్గర నీళ్లు లేవు. నేను ధర్మరాజంతటివాణ్ణి కాను.