భ్రాంతికి ఉపాధి

మన వేదాంతులు భ్రమను రెండు తెగలుగా విభజించిరి. మునిమాపువేళ త్రోవలో పడియున్న త్రాటిని పామని తలచి వెనుకంజ వేసినవానికి, దీపము తెచ్చి చూపినంతనే పాము మాయమై త్రాడు మిగులును. అధిష్ఠానజ్ఞానము కలిగినతోడనే తొలగిపోవు ఇట్టి భ్రమకు నిరుపాధికమని పేరు. మందారపుష్పము చెంత నుంచిన స్ఫటికము ఎఱ్ఱగా కనబడుట రెండవ తెగకు చెందినది. అది తెల్లనిదే యని చూచువాడు నిశ్చయముగా నెఱిగియున్నను, పుష్పము అచట నున్నంతవఱకు ఆ యెఱుపు కంటిని వీడదు. చెంతనుండి తన గుణమును వేఱొకదానిపై తోపింపజేయు పుష్పమువంటిదానికి ఉపాధి యని పేరు; కావున ఇది సోపాధికభ్రమ. ఈ విభాగమును పండితుల వినోదముగా నెంచి శాస్త్రపాఠశాలలకు విడిచిపెట్టిన మనము, ఇంటిలో నొకనికి చిత్తము చెదరి, ఎవ్వరును లేని గదిలో తనకు మాటలు వినబడుచున్నవని యతడు చెప్పినపుడు, దీపము తెచ్చి చూపిన చాలునను తలంపుతో గంటలకొలది వాదింతుము. వాదము ఫలింపదు. ఫలింపనందున అతడు మొండివాడనియో, గాలి సోకినదనియో తీర్మానింతుము. ఆ యనుభవము రెండవ తెగకు చెందినదనియు, దాని యుపాధి మస్తిష్కవ్యాపారములో వెదుకదగినదనియు నా యభిప్రాయము.

జర్మనీదేశపు న్యాయాధిపతి డానియల్ పౌల్ ష్రేబర్ చరిత్ర ఇందుకు మంచి నిదర్శనము. 1893లో డ్రెస్డెన్ నగరపు ఉన్నతన్యాయస్థానమున ఒక విభాగమునకు అధ్యక్షుడుగా నియుక్తుడైన ఈ పండితుడు, ఆ సంవత్సరముననే చిత్తవైకల్యము నొంది, 1894 మొదలు 1902 వఱకు సోన్నెన్‌స్టైన్ చికిత్సాలయమున గడిపెను. భగవంతుడు కిరణరూపమున తన నాడులతో సంభాషించుచున్నాడనియు, పక్షులు సైతము తనతో మాటలాడుచున్నవనియు, లోకమును పునరుద్ధరించుటకై తాను స్త్రీగా మార్పబడుచున్నాననియు అతడు విశ్వసించెను. అయినను చికిత్సాలయాధికారి యింటి భోజనపు బల్లయొద్ద ధర్మశాస్త్రమును, రాజకీయములను, కళలను గూర్చి అతడు చేయు ప్రసంగము మర్యాదకును పాండిత్యమునకును తగినట్లే యుండెడిదని ఆ యధికారియే న్యాయస్థానమునకు వ్రాసి యిచ్చెను. తన్ను పరుల సంరక్షణనుండి విడిపింపుమని ష్రేబర్ తానే విన్నపములు రచించి, తన మూలవిశ్వాసమును విడనాడకయే, 1902లో వ్యాజ్యెము గెలిచెను. మరుసటి యేట తన యనుభవములను గ్రంథముగా ప్రకటించెను. అతనికి మొదట చికిత్స చేసిన పౌల్ ఫ్లెక్సిగ్ మస్తిష్కనిర్మాణశాస్త్రమున అగ్రగణ్యుడగుట విధి చేసిన పరిహాసము కాబోలు! ఇట్టివానిని తర్కశక్తి లేనివాడని యెవ్వరనగలరు? అతని తర్కము అక్షతముగానే యున్నది. తర్కమునకు ముడిసరకుగా వచ్చి చేరు ప్రత్యక్షమే చెడినది.

ప్రత్యక్షము చెడుట యెట్లు? చూచుట, వినుట యనునవి మనకు తెలియకుండ జరుగు అనుమానములేయని 19వ శతాబ్దిలోనే జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్ చెప్పియుండెను. ఇంద్రియములు తెచ్చియిచ్చు వార్తలు అసంపూర్ణములు; వానినిబట్టి బయట నేమున్నదో మస్తిష్కము ఊహించి, ఆ యూహనే మనకు ప్రత్యక్షముగా నందించును. అంతియకాదు, మన చేష్టలవలన పుట్టిన సంవేదనలను పరులవలన పుట్టినవానినుండి వేఱుచేయు భారమును దానిదే. కన్ను కదలినపుడెల్ల లోకము కదలినట్లు తోచకుండుటకు హేతువు, కండరములకు పంపిన యాజ్ఞకు నకలు వంటిదొకటి ఇంద్రియకేంద్రములకును చేరి, రాబోవు మార్పును ముందుగానే లెక్కలోనికి తీసికొనుటయేయని 1950లో జర్మనీలో ఫాన్ హోల్స్ట్, మిట్టెల్‌ష్టెట్ అనువారును, అమెరికాలో స్పెర్రీయు వేర్వేఱుగా ప్రతిపాదించిరి. తనకు తాను చక్కిలిగింత పెట్టుకొనలేకపోవుట యందఱెఱిగినదే; దానికిని ఇదే హేతువందురు. అయితే అశరీరవాక్కులు వినువారును, తమ చేతలను పరులు నడిపించుచున్నారని తలచువారును, తమ చేతి స్పర్శను పరుల చేతి స్పర్శయంత తీవ్రముగానే యనుభవించుచున్నారని లండనులో బ్లేక్‌మోర్, ఫ్రిత్ మొదలగువారు పరీక్షించి 2000లో ప్రకటించిరి. మనస్సు ఎల్లవేళల తనలో తాను మాటలాడుకొనుచునే యుండును గదా! ఆ మాటపై "ఇది నాది" యను ముద్ర పడనిచో, అది పరుని మాటగా వినబడక మఱెట్లు వినబడును? వాణి వినబడు సమయమున, మాటను కూర్చు బ్రోకా ప్రాంతమునకు రక్తప్రసరణము హెచ్చుచున్నట్లు 1993లో చేసిన చిత్రీకరణము ఈ యూహకు కొంత బలము నిచ్చినది. వినబడు వాణులన్నిటికిని ఇదొక్కటే కారణమని మాత్రము అనరాదు.

మాట పరునిదిగా వినబడుట యొకటి. వీథిలో నిలిచిన బండియు, వార్తాపత్రికలోని శీర్షికయు తన్నే యుద్దేశించినవని తోచుట వేఱొకటి. దీని మర్మము మందు వెంట బయల్పడెను. శస్త్రచికిత్సలలో తోడుగా వాడబడిన క్లోర్‌ప్రొమజీన్ అను ద్రవ్యమును 1952లో పారిసులోని సెంట్ ఆన్ ఆసుపత్రిలో డిలే, డెనికర్ అను వైద్యులు చిత్తరోగులకిచ్చి, వారి యుద్రేకమును విభ్రమమును తగ్గుట గనిరి. ఎందుకు తగ్గినదో అప్పటికి తెలియదు. వైద్యమున ఫలము ముందును హేతువు వెనుకను వచ్చుట క్రొత్త గాదు. ఈ మందులు డోపమిన్ అను రసాయనపు పనిని అడ్డగించుచున్నవను మార్గమును 1963లో స్వీడను శాస్త్రజ్ఞుడు కార్ల్‌సన్ చూపెను. డోపమిన్‌ను హెచ్చించు ఆంఫెటమిన్‌ను మితిమీరి సేవించినవారికి సరిగా ఇట్టి శంకలే కలుగుట యీ మార్గమును బలపఱచినది. 2003లో షితిజ్ కపూర్ అను వైద్యుడు దీనికొక మానసికార్థమును చెప్పెను. కోటి వస్తువులలో ఏది గమనింపదగినదో సూచించుట డోపమిన్ పనులలో నొకటి. అది వేళగాని వేళ, హేతువులేక వెలువడినచో, అర్థములేని వస్తువు సైతము మహార్థము కలదియై తోచును. ఏల తోచినదను ప్రశ్నకు రోగి తనకు తాను చెప్పుకొను సమాధానమే మిథ్యావిశ్వాసము. మందు ఆ యెఱుపును మందగింపజేయును గాని, అల్లుకొన్న కథను వెంటనే చెఱుపజాలదు. డోపమిన్‌తోడనే సర్వమును ముగియలేదు. 2007లో డాల్మౌ మొదలగు వైద్యులు వర్ణించిన యొక మస్తిష్కశోథలో, శరీరపు రక్షకద్రవ్యములే దారితప్పి గ్లూటమేటు గ్రాహకములపై పడగా, నిన్నటివఱకు స్వస్థయైన యువతి నేడు లేనివారితో మాటలాడును. తగిన చికిత్స సకాలమున జరిగినచో పెక్కుమంది కోలుకొందురు. పూనకమని భూతవైద్యునియొద్దకు కొనిపోబడిన యువతులలో ఇట్టివారెందఱుండిరో ఎవరు చెప్పగలరు!

ఇచట భక్తునికొక భయమును, నాస్తికునికొక సంతోషమును కలుగును: వాణికి మస్తిష్కమే కారణమైనచో ఋషుల దర్శనములును, సాధువుల దివ్యశ్రవణములును అంతియేనా యని. ఆ భయమును ఈ సంతోషమును రెండును తొందరపాటులే. అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ 1902లో ప్రకటించిన మతానుభవవ్యాఖ్యానములలో, శరీరకారణమును చూపి యనుభవపు విలువను త్రోసివేయు పద్ధతిని వైద్యభౌతికవాదమని నిరసించెను. ఏలయన నాస్తికుని తర్కమును, గణితజ్ఞుని సిద్ధాంతమును మస్తిష్కములోనే పుట్టినవి. పుట్టుక సత్యాసత్యములను నిర్ణయింపదు. మన మీమాంసకులు జ్ఞానము స్వతఃప్రమాణమనియు, దానిని త్రోసిపుచ్చు బాధకజ్ఞానము వచ్చువఱకు నమ్మవలసినదేయనియు చెప్పిరి. ఈ దృష్టితో చూచినచో రోగి చేయుచున్న తప్పేమి? తనకు కలిగిన జ్ఞానమును, మనమందఱము మన జ్ఞానమును నమ్మినట్లే నమ్ముచున్నాడు. లోపమంతయు బాధకము పనిచేయకపోవుటలో నున్నది. స్ఫటికదృష్టాంతము ఇంతకుమించి నడువదు: అందు ఎఱుపు కనబడుచున్నను తెల్లనిదను నిశ్చయము భద్రముగా నుండును, తీవ్రమైన చిత్తవిభ్రమమున ఉపాధి ఆ నిశ్చయశక్తినే ముట్టుకొనును. కావున సాధువు వినినదానిని రోగి వినినదానినుండి వేఱుచేయవలసినది నాడీపరీక్షచేత గాదు. నైయాయికులు చెప్పినట్లు ప్రవృత్తిసంవాదముచేత, అనగా ఆ జ్ఞానమును నమ్మి నడచినవాని నడక లోకముతో పొసగుటచేత.

మస్తిష్కము వాణిని పుట్టించునేమో గాని, ఆ వాణికి మాటలను కూర్చునది సంఘము. అమెరికా మానవశాస్త్రజ్ఞురాలు టాన్యా లూర్‌మాన్, తన సహచరులతో, కాలిఫోర్నియాలోని సాన్ మాటియోలో 20 మందిని, ఘానాలోని అక్రాలో 20 మందిని, మన చెన్నైలో 20 మందిని విచారించి 2015లో ఫలితములను ప్రకటించెను. అమెరికనులు తమ వాణులను హింసాపూరితమైన దాడిగాను, చెడిన మస్తిష్కపు చిహ్నముగాను వర్ణించిరి. అక్రావారిలో పెక్కురు దైవవాక్కు వింటిమనిరి. చెన్నైలో సగముకన్న నెక్కువమందికి బంధువుల కంఠములు వినబడి, ఇంటిపనులు చేయుమని హెచ్చరించుచు, మందలించుచు నుండెనట. మస్తిష్కవాదమును ఎక్కువగా నమ్మిన సంఘమునకే క్రూరతర వాణులు దక్కుట, ఆ వాదమును సమర్థించు నావంటివాడు జాగరూకతతో తలపోయదగిన విషయము. ఉపాధిని చెప్పి ఊరకున్నచో రోగికి మనము చేసిన మేలు సగమే.

కావున పాఠకులకు విన్నవించునదేమనగా, మీ యింట నిట్టివాడున్నచో వినబడుటలేదని వాదింపకుడు. అతనికి నిజముగానే వినబడుచున్నది. వినబడినదానికెల్ల తల యూపనక్కఱలేదు. వైద్యునియొద్దకు కొనిపొండు, గుడికో దర్గాకో పోదలచినచో పొండు గాని మందు మాన్పింపకుడు, అచట కట్టివేయింపకుడు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గాసమీపమున ఒక ఆశ్రమము తగులబడగా, గొలుసులతో కట్టివేయబడియున్న చిత్తరోగులు 28 మంది అసువులు బాసిరి. ఇట్టివారిని ఏ రీతిగను గొలుసులతో బంధింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము శాసించుచున్నది.