మనిషి లేని డప్పు

సొంత గదిలో, సొంత యంత్రం ముందు కూర్చుని, ఎవరి దగ్గరా జీతానికి ఉండకుండా సంగీతం తయారుచేసేవాణ్ణి నేడు స్వతంత్ర సంగీతకారుడు అంటున్నారు. మార్కాపురంలో కొన్నేళ్లుగా నేను చేస్తున్న పని అదే కనుక ఆ మాట నాకూ వర్తిస్తుంది. ఐతే ఈ స్వాతంత్ర్యం ఎవరి నుంచి వచ్చింది, ఎవరి శ్రమ మీద నిలబడింది అనేవి రెండు వేరువేరు ప్రశ్నలు. మొదటి ప్రశ్న గురించి మనవాళ్లు తరచు మాట్లాడుతూనే ఉన్నారు. రెండోది మాట్లాడటానికి అంత సుఖంగా ఉండదు. నేను ముఖ్యంగా చర్చించదలిచింది రెండోదాన్నే.

ముందు ఈ పని ఎలాంటిదో చెప్పాలి. ఈ పత్రిక చదివే అధ్యాపకులలో చాలామందికి డీజే అనగానే వినాయక నిమజ్జనంనాడు గుండెలదిరే మోత తప్ప మరేదీ గుర్తుకురాదు. బండిమీద పెట్టెలు పేర్చి ఊరేగించేవాడు వేరు, ఆ పెట్టెల్లో మోగే పాటను తయారుచేసేవాడు వేరు. నేను రెండోవాణ్ణి. నా దగ్గర ఒక లాప్‌టాప్, ఒక మైకు, రెండు స్పీకర్లు ఉన్నాయి. 1997లో బెల్జియం దేశపు కంపెనీ ఒకటి ఫ్రూటీలూప్స్ అనే పేరుతో విడుదల చేసి, తరవాత ఎఫ్.ఎల్. స్టూడియో అని పేరు మార్చిన సాఫ్ట్‌వేర్ ఉంది. పల్లెపాట ఒకటి తీసుకుని, నిమిషానికి ఎన్ని దెబ్బల నడకలో ఉందో కొలిచి, దాని అడుగున దరువు పరిచి, అవసరమైన చోట ఆపి, మళ్లీ ఒక్కసారిగా విడిచిపెట్టాలి. శ్రీరామనవమికి, వినాయకచవితికి, పెళ్లి ఊరేగింపులకు, ఎన్నికలకు గిరాకీ ఉంటుంది. మిగతా రోజుల్లో నాకు తోచిన సంగీతం నేను చేసుకుంటాను. దానికి గిరాకీ లేదు. పాట మధ్యలో తయారుచేసినవాడి పేరూ, ఊరి పేరూ ఒక గొంతు గట్టిగా అరుస్తుంది. అది గొప్పకోసం పెట్టింది కాదు. ఒకడు చేసినదాన్ని మరొకడు తనదని చెప్పుకోకుండా వేసిన ముద్ర. ఈ ముద్ర సంగతి మళ్లీ చెబుతాను.

ఈ పనిముట్ల చరిత్ర చిన్నదే. 1948లో పారిస్ రేడియోలో పియేర్ షేఫర్ అనే ఆయన రైలు చప్పుళ్లను రికార్డు చేసి, ముక్కలుగా కోసి, వాటితో సంగీతం కూర్చాడు. 1951లో జర్మనీలోని కొలోన్ రేడియో ఎలక్ట్రానిక్ సంగీతానికి ప్రత్యేకంగా స్టూడియో పెట్టింది. మన దేశంలో 1969లో అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో, అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ సాయంతో, మూగ్ సింథసైజర్ నెలకొల్పారు. ఆ రోజుల్లో ఈ యంత్రం దగ్గరికి వెళ్లాలంటే ఒక రేడియో సంస్థో, విద్యాసంస్థో తలుపు తెరవాలి. 1980లో జపాను కంపెనీ రోలాండ్ 808 అనే దరువు యంత్రాన్ని తెచ్చింది. దాని చప్పుడు అసలు మద్దెలలా లేదని చాలామంది పెదవి విరిచారు, 1983లో కంపెనీ దాని తయారీ ఆపేసింది. అప్పుడది పాతసామాను ధరకు దిగి, అమెరికాలో నల్లజాతి యువకుల చేతికి చేరి, వారి సంగీతానికి పునాది అయింది. బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు అదే 808తోనూ, దాని తోబుట్టువు వంటి 303తోనూ 1982లోనే పది రాగాలు వాయించి రికార్డు వేశాడు. అది అమ్ముడుపోలేదు. 2010లో దాన్ని తిరిగి విడుదల చేశాక పాశ్చాత్యులు ఆశ్చర్యపోయారు. ఎవరు ముందు అనే వివాదం నాకు పెద్దగా పట్టదు. నేను గమనించేది ఒక్కటే: రేడియో సంస్థ స్టూడియోలో ఉండవలసిన యంత్రం డెబ్బై ఏళ్లలో మార్కాపురం అద్దెగదిలోకి వచ్చింది.

ఉత్పత్తి సాధనం పనివాడి చేతికే వచ్చింది కనుక ఇక దోపిడీ ఏముంది అని అడిగేవాళ్లున్నారు. వాళ్లు చీరాల వెళ్లి నేతగాణ్ణి అడగాలి. మగ్గం అతనిదే. నూలు షావుకారుది, చీర కొనేది షావుకారు, ధర చెప్పేది షావుకారు. మా షావుకారు కంటికి కనిపించడు, అంతే తేడా. యూట్యూబులో ప్రకటనల డబ్బు రావాలంటే మామూలు వీడియోలకు వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో నాలుగువేల గంటల వీక్షణ ఉండాలి. ఆ తరవాత ఆ ఆదాయంలో నూటికి 55 మనకు, 45 వాళ్లకు. స్పాటిఫై 2024 నుంచి ఏడాదిలో వెయ్యిసార్లయినా వినబడని పాటకు పైసా ఇవ్వటం మానేసింది. సినిమా పాటను ముట్టుకుంటే ఆడియో కంపెనీ యంత్రం పసిగట్టి, వచ్చే డబ్బును తనవైపు తిప్పుకుంటుంది. ఇదంతా అన్యాయమే. కాని ఈ అన్యాయం గురించి చెప్పుకుంటున్నంతసేపూ నేను బాధితుణ్ణి. అందుకే మా వృత్తిలో అందరికీ ఈ సంభాషణ ఇష్టం.

ఇప్పుడు నూలు సంగతికి వస్తాను. నేను నేసే నూలు ఎక్కడిది?

షేఫర్ రైలు చప్పుడు తీసుకున్నప్పుడు ఏ రైలూ కూలి నష్టపోలేదు. నేను తీసుకునేది డప్పు. ఈ ప్రాంతంలో డప్పు లేని దరువుకు జనం కాలు కదపరు. మార్కాపురం, కంభం, గిద్దలూరు తాలూకాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉన్నాయి; కనిగిరి, పొదిలి వైపు నెల్లూరుది. అందుచేత మాటలు కూడా కలగాపులగం. డప్పును తప్పెట అనేవాళ్లున్నారు, పలక అనేవాళ్లున్నారు. పిల్లలు రాసుకునే పలకలకు దేశమంతటా పేరు తెచ్చుకున్న మార్కాపురంలో పలక అంటే రాతిపలకే. మా ఇంట్లో రెండు తరాలవాళ్లు ఆ గనుల్లో రాయి చీల్చారు. వాళ్లు చీల్చిన ఏ పలకమీదా వాళ్ల పేరు లేదు. మాది డప్పు కొట్టే కులం మాత్రం కాదు. ఈ వ్యాసానికి అది అవసరమైన సమాచారం కనుక చెబుతున్నాను.

డప్పును మంట దగ్గర కాచి, ఒక చేత సన్నపుల్ల, ఒక చేత లావుపుల్ల పట్టి కొడతారు. కాచిన తోలు పలికే తీరు ఏ విదేశీ శబ్దాల మూటలోనూ దొరకదు. నేను గిద్దలూరు వైపు ఒక పల్లెలో నలుగురు డప్పు కొట్టేవాళ్లను రోజు కూలి మాట్లాడి రికార్డు చేశాను. చావు దరువు, పెళ్లి దరువు, పీర్లపండగకు గుండం చుట్టూ కొట్టేది, చాటింపు. ఒక్కొక్క దెబ్బ విడివిడిగా కూడా. సాయంత్రం కూలి ఇచ్చాను. వాళ్లలో పెద్దాయనకు వినబడేలా ఒక ముక్కను లాప్‌టాప్‌లో తిప్పితిప్పి మోగించాను. కాసేపు విని ఇలా అడిగాడు:

"మా నాయన కొట్టకపోతే తన్నేవాళ్లు. నేను దుడ్లిస్తే కొట్టినా. మావోడు ఎంతిచ్చినా కొట్టనంటాడు, మంచిదే. ఇప్పుడు నీ పెట్టెలో దినామూ కొట్టేది ఎవరు నాయనా?"

పెట్టుబడిని మార్క్స్ మృతశ్రమ అన్నాడని క్లాసులో చెప్పటం తేలిక. ఈ పెద్దాయన అడిగింది అదే. ఒకరోజు కూలికి కొట్టిన దెబ్బ వెయ్యి ఊరేగింపుల్లో మోగుతుంది. అలవకుండా, మంట అడక్కుండా, కల్లు అడక్కుండా మోగుతుంది. మోగినచోటల్లా నలుగురు డప్పువాళ్లను పిలవవలసిన పని తప్పుతుంది. అంటే అతని చేతి దెబ్బే అతని పనికి పోటీ వస్తున్నది.

చట్టం ఏమంటుంది? 1957 నాటి కాపీరైటు చట్టం పాట రాసినవాణ్ణి, బాణీ కట్టినవాణ్ణి, రికార్డు చేయించినవాణ్ణి గుర్తించింది. ప్రదర్శకుడి హక్కులు 1994 సవరణతో వచ్చాయి. వాణిజ్య వినియోగంలో అతనికి రాయల్టీ ఉండాలని 2012 సవరణ చెప్పింది. ఐతే తరతరాల దరువుకు కర్త లేడు కనుక అది ఎవరిదీ కాదు. దాన్ని రికార్డు చేసిన ఫైలు మాత్రం నాది. మనకు తెలిసిన తంతే ఇది. ఊరందరూ పశువులు మేపుకున్న పోరంబోకు, ముందుగా పట్టా రాయించుకున్నవాడిది అవుతుంది.

ఇటువంటిది అమెరికాలో జరిగింది. 1969లో ది విన్‌స్టన్స్ అనే బృందం వేసిన ఒక రికార్డులో గ్రెగరీ కోల్మన్ డ్రమ్ములమీద కొట్టిన ఏడు సెకన్ల ముక్క తరవాత వేలాది పాటల్లోకి వెళ్లింది. ఇంగ్లండులో దానిమీద ఒక సంగీత శాఖే లేచింది. కోల్మన్‌కు రాయల్టీగా ఏమీ ముట్టలేదు. 2006లో ఇల్లూ వాకిలీ లేని స్థితిలో చనిపోయాడు. 2015లో అభిమానులు చందాలు పోగుచేసి 24 వేల పౌండ్లు ఇస్తే, అవి బృందనాయకుడికి చేరాయి. ఆ ముక్కను వాడిన కుర్రవాళ్లలో చాలామంది నాబోటి బీదవాళ్లే. అందుచేతనే ఈ సమస్యను పెట్టుబడిదారు, శ్రామికుడు అనే రెండు పేర్లతో తేల్చెయ్యటం కుదరదు. పైవాడి చేతిలో నేను నేతగాణ్ణి, కిందివాడి ముందు షావుకారుని.

కాని మన దగ్గర అమెరికాలో లేని చిక్కు ఇంకొకటి ఉంది. డప్పు కూలి మాత్రమే కాదు, వెట్టి. చావుకీ, చాటింపుకీ, జాతరకీ మాదిగవాడు వచ్చి కొట్టి తీరాలి. కళ్లంలో వేసే గింజలే దానికి ప్రతిఫలం. ఆ డప్పును కింద పడేస్తాం అన్నవాళ్లు ఆత్మగౌరవంతో అన్నారు. దాన్నే పైకెత్తి పట్టుకున్నవాళ్లూ ఆత్మగౌరవంతోనే పట్టుకున్నారు: 1994లో ప్రకాశం జిల్లాలోని ఈదుమూడిలో మొదలైన ఉద్యమం దండోరా అనే పేరు పెట్టుకుంది. ఈ రెండింటిలో ఏది సరైనదో చెప్పే అధికారం నాకు లేదు.

జానపద కళ నశిస్తున్నదని, డీజేలు డప్పును మింగాయని కన్నీరు పెట్టే విమర్శకులను చూస్తే నాకు కాస్త విసుగు. డప్పు ఎవరు కొట్టాలని వీరి కోరిక? తమ పిల్లలా? 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మత ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ణి, ఎందుకంటే ఆ మోత వృద్ధులకూ రోగులకూ హింస. రాత్రి పది దాటాక అది మోగకూడదని 2000 నాటి నిబంధనలే చెబుతున్నాయి. ఐతే మోత తగ్గించమనటం వేరు, డప్పువాణ్ణి తిరిగి పాత చోట నిలబెట్టమనటం వేరు. ప్రభుత్వం డప్పు కళాకారులకు 2024 నుంచి నెలకు నాలుగువేల పింఛను ఇస్తున్నది. మంచి పనే. కాని అది వృద్ధాప్యానికి ఆసరా, దెబ్బకు ధర కాదు.

యంత్రానికి కులం లేదు అనేవాళ్ల మాట కూడా నేను ఒప్పుకోను. డీజేకి అంత గిరాకీ ఎందుకొచ్చింది? చవక అని కాదు. బండీ, జనరేటరూ, పెట్టెలూ కలిపితే నలుగురి కూలికంటె ఎక్కువే. యంత్రంలో డప్పు మోత ఉంటుంది, డప్పు కొట్టేవాడు ఉండడు. అతన్ని వాకిట్లోకి పిలవనక్కర్లేదు, భోజనం ఎక్కడ పెట్టాలా అని ఆలోచించనక్కర్లేదు, "మర్యాదగా పిలిస్తేనే వస్తాం" అనే కొత్తతరం మాట పడనక్కర్లేదు. దరువు మిగిలింది, మనిషి పోయాడు. ఈ సౌకర్యాన్ని ఊరికి తయారుచేసి ఇచ్చేది నేను. వెట్టి పోవటానికి యంత్రం సాయపడిందన్న మాటలో నిజం ఉంది. వెట్టి పోయినచోట సమానంగా పిలవవలసిన అవసరాన్ని కూడా అదే యంత్రం తప్పించింది. నా స్వాతంత్ర్యం నిలబడిన నేల ఇది.

మరి ఏం చెయ్యాలి? డప్పు వాడటం మానెయ్యమని ఒక మిత్రుడన్నాడు. మానితే నా చేతులు శుభ్రంగా ఉంటాయి, ఆ నలుగురికి ఒరిగేదేమీ లేదు. నేను వాళ్లతో ఒక కాగితం రాసుకున్నాను. ఆ దెబ్బలు వాడిన ప్రతి పాటమీద వచ్చినదాంట్లో నాలుగోవంతు వారిది, పాట కింద నలుగురి పేర్లు ఉండాలి, చావు దరువును తాగి ఎగిరే పాటల్లో వాడరాదు. ఈ చివరి షరతు పెద్దాయన పెట్టింది. డబ్బుకంటె దానిమీదే ఎక్కువసేపు వాదించాడు. ఏడాదికి వాళ్లకు ముట్టేది చాలా కొద్ది. ఇది దానం చెయ్యటమేకదా అని అదే మిత్రుడు ఎత్తిపొడిచాడు. దానానికి లెక్క చూపనక్కర్లేదు. దీనికి లెక్క చూపాలి, వాళ్లు తప్పు పట్టవచ్చు, కాగితం చించవచ్చు. ఒక్కడి మంచితనంతో వ్యవస్థ మారదనే మాట సరైనదే. డప్పు కొట్టేవాళ్లు సంఘంగా కూడి రికార్డింగుకు రేటూ, వాటా పెట్టి, ఇవ్వనివాడికి కొట్టం అంటే అప్పుడు నాబోటివాడి మంచితనంతో పనే ఉండదు. ఆ రోజు నాకు నష్టమే. ఐనా రావాలి.

పాటలో అరిచే ముద్ర గురించి చెబుతానన్నాను. ఆ పెద్దాయన మనవడు డిగ్రీ చదువుతూ, సెలవుల్లో నా గదికి వచ్చి సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాడు. నాకంటె చురుకైనవాడు. అతను చేసే పాటల్లో డప్పు ఉండదు. ఆ పాత జపాను యంత్రపు దెబ్బలే వాడతాడు.

"మీ తాత దెబ్బలు ఇక్కడే ఉన్నాయి గదా, వాటిలో నాలుగోవంతు మీదేనాయె, ఎందుకు వాడవు?" అన్నాను.

"నువ్వు పెడితే జానపదం అంటారన్నా, నేను పెడితే ఏ ఇంటోడని అడుగుతారు" అన్నాడు.

అతని ముద్రలో పేరు ఉంది, ఊరు లేదు. మా వృత్తిలో ఊరి పేరు లేని ముద్ర నేను మరెక్కడా వినలేదు. ఊరు చెబితే వాడ అడుగుతారని తీసేశాడట. ఇంకో రెండు పాటలు పేరుకొచ్చాక పెడతానంటున్నాడు.